అది తాచు కాదు, జెర్రిపోతు

సంపాదకులకు,

గత వారం మీ జిల్లా పేజీలో 'ఇంట్లో దూరిన తాచు హతం' అని ఒక ఫొటో వేశారు. ఇద్దరు కుర్రాళ్లు వెదురుకర్రకు వేలాడదీసి నవ్వుతూ నిలబడ్డారు. ఏడడుగుల పాము అని కింద రాశారు. మా దివిసీమలో నేను చూసిన తాచులన్నీ నాలుగైదు అడుగులే. ఫోన్లో పెద్దది చేసి చూశాను. పెద్ద పెద్ద కళ్లు, కోల తల, పెదవుల మీద నల్లటి నిలువు గీతలు. అది జెర్రిపోతు. దానికి విషం చుక్క కూడా ఉండదు. చచ్చిన పాము పడగ విప్పదు కాబట్టి ఎవరూ అడగలేదు.

తప్పు పట్టడానికి రాయడం లేదు. ఆ కర్ర నేనూ పట్టినవాడినే. 2018 వానాకాలంలో మా వైపు పాముకాట్లు ఎక్కువై, ఆగస్టులో మోపిదేవి గుడిలో ప్రభుత్వమే సర్పశాంతి యాగం చేయించింది. ఆ రోజుల్లో సాయంత్రమైతే వీధంతా కర్రలే. ఒకరోజు చంపిన ఐదింటినీ కాలవగట్టు మీద వరసగా పడేశాం. పాములు పట్టే కుర్రాడొకడు మోటార్ సైకిల్ ఆపి చూశాడు. మూడు విషం లేని నీరుకట్టెలు, ఒకటి జెర్రిపోతు, విషప్పాము ఒక్క కట్లపామే అన్నాడు. 'మీ ఎలుకల్ని ఇక మీరే పట్టుకోండి బాబాయ్' అని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. ఆ పంటకు పొలంలో ఎలుకలు పట్టే బుట్టలవాళ్లకు ఎలుకకింత అని లెక్కగట్టి ఇచ్చేటప్పుడు ఆ మాట గుర్తొచ్చింది. కౌలు పోను మిగిలేది ఎంతో మీకు చెప్పక్కర్లేదు.

జెర్రిపోతు మీద మా ఊళ్లో లేని కథ లేదు. పేరులో పోతు ఉంది కాబట్టి తాచుకు మగపాము ఇదేనంటారు. ఆవు కాళ్లకు చుట్టుకుని పాలు తాగుతుందంటారు. రెండు పెనవేసుకుని లేస్తే సయ్యాట అని పైన తువ్వాలు వేయడానికి పరిగెడతారు. అది రెండు మగ జెర్రిపోతుల కుస్తీ అని ఆ కుర్రాడే చెప్పాడు. మా ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

భయం వట్టిదని నేను అనను. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుకు ఏటా సగటున 58,000 మంది పోయారని పరిశోధకుల అంచనా. ఎక్కువ నష్టపోయిన రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి. మాకు అసలు ప్రాణభయం తాచు, కట్లపాము, రక్తపింజరితోనే. రక్తపింజరి లావుగా, వీపున గొలుసు వేసినట్టు మచ్చలతో, కుక్కర్ విజిల్‌లా బుసకొడుతుంది. కట్లపాము రాత్రిపూట నేల పడకల్లోకి వస్తుంది. కాటు నొప్పి తెలియకపోవచ్చు. తెల్లారగట్ల కడుపునొప్పి అంటే అజీర్తి అనుకుని సోడా తాగించిన ఇళ్లున్నాయి.

కట్లపాముకు అచ్చు చెల్లెల్లా గోడల మీద బల్లుల కోసం పాకే చిన్న పామొకటి ఉంది, విషం లేనిది. కట్లపాముకేమో జంట తెల్లచారలు తోకవైపు కొట్టొచ్చినట్టుంటాయి, మెడ దగ్గర పలచబడతాయి. ఈ చిన్నదానికి మెడ దగ్గరే మొదలై తోకవైపు మాసిపోతాయి. నిరుడు మా వంటింట్లో చారల పామొకటి కనబడితే నేను దూరం నుంచి ఫొటో తీసి ఆ కుర్రాడికి పంపాను. తేల్చుకోలేకపోతే విషప్పామనే అనుకుని తలుపు మూసి, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండమన్నాడు. దగ్గరికెళ్లి చారలు లెక్కపెట్టే పని మాత్రం ఎవరూ చేయకండి.

అతను వచ్చి దాన్ని సంచిలో వేసుకుని అరకిలోమీటరు కూడా పోకుండా కాలవ అవతల కంపల్లో వదిలాడు. మా ఆవిడ గొడవపడింది, అడవికి తీసుకుపోకూడదా అని. దూరం తీసుకెళ్తే దానికి కలుగు తెలియదు, తిండి తెలియదు, దిక్కు తప్పి తిరిగి ఏ లారీ కిందో పడుతుందన్నాడు. చంపనూ వద్దు, ఊరు దాటించనూ వద్దు, గుమ్మం దాటిస్తే చాలట. 1972 వన్యప్రాణి చట్టం కింద వీటిని చంపడం నేరం కూడా. ఆ ఫొటోలో కుర్రాళ్లకు ఆ సంగతి తెలిస్తే మొహాలు దాచుకునేవారు.

నా మనవి ఒకటే. నాట్లు మొదలయ్యే రోజుల్లో, వాన వార్త పక్కన ఆ మూడు పాముల రంగు ఫొటోలు, వాటిలా కనబడే విషం లేనివాటి ఫొటోలు వేయండి. కింద మన అటవీశాఖ ఆఫీసు నంబరు పెద్ద అక్షరాల్లో ఇవ్వండి. కత్తిరించి మా పశువుల పాక తలుపుకు అంటిస్తాను.

– ఒక కౌలు రైతు,
అవనిగడ్డ మండలం, కృష్ణా జిల్లా