సుమత్రా పొగను కార్చిచ్చు అనకండి

సంపాదకులకు నమస్కారం.

ఇండోనేసియాలో మళ్లీ పొగ కమ్ముకుందని మొన్న మీ లోపలి పేజీలో చిన్న వార్త వేశారు. వేసినందుకు సంతోషం. కానీ హెడ్డింగులో ‘కార్చిచ్చు’ అని పెట్టారు, ఆ మాట దగ్గరే నా అభ్యంతరం.

నేను 2014 నుంచి మూడేళ్లు సుమత్రా దీవిలోని రియావులో ఒక పామాయిల్ మిల్లులో మెయింటెనెన్స్ పని చేశాను. 2015లో ఆ పెద్ద పొగ పట్టినప్పుడు అక్కడే ఉన్నాను. మన అడవుల్లో ఎండాకాలం ఎండుటాకులు అంటుకుని మంట పరుగెత్తుతుంది కదా, అలాంటిది కాదది. అక్కడ నేలే కాలుతుంది. వేల ఏళ్లుగా నీళ్లలో పడి, పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయిన ఆకులు, వేళ్లు, మానులే అక్కడ మట్టి, కొన్నిచోట్ల పది మీటర్ల లోతు దాకా అదే ఉంటుంది. ఇంగ్లిషులో పీట్ అంటారు, అక్కడివాళ్లు గంబుత్ అంటారు. తడిగా ఉన్నంతకాలం నిప్పు అంటుకోదు, ఎండిందంటే మాత్రం పిడకలాగా లోలోపల వారాల తరబడి రాజుకుంటూనే ఉంటుంది.

ఒకరోజు మిల్లుకు పోయే దారి పక్కన చూశాను. మంట అనేది ఎక్కడా లేదు, ఉత్త నేలలోంచి పొగ వస్తోంది. మాతో ఉన్న స్థానిక కుర్రాడు ఒక కర్ర తీసుకుని గుచ్చితే సగం దాకా సులువుగా దిగిపోయింది, బయటికి లాగితే కొన నల్లబడి పొగలు కక్కుతోంది. పక్కనే ఒక చెట్టు పచ్చటి ఆకులతోనే పడిపోయి ఉంది, వేళ్ల కింద మట్టంతా కాలిపోయింది మరి. ట్యాంకరు నీళ్లు కుమ్మరిస్తే పైన ఆరేది, సాయంత్రానికి పది అడుగుల అవతల మళ్లీ లేచేది. చివరికి ఆర్పింది అక్టోబరు ఆఖర్లో పడిన వానలే.

మిట్టమధ్యాహ్నం లైటు వేసుకుని బండి నడిపేవాళ్లం. రియావు రాజధాని పెకన్‌బారులో వారాల తరబడి స్కూళ్లు మూసేశారు, విమానాలు ఆగిపోయాయి. మేం అద్దెకున్న ఇంటావిడ తలుపు కింద తడి తువ్వాలు కుక్కి, రెండేళ్ల మనవడిని భుజాన వేసుకుని తెల్లవార్లూ కూర్చునేది, వాడు దగ్గి దగ్గి నీరసపడి నిద్రపోయేవాడు. బోర్నియో దీవిలో ఇండోనేసియా భాగమైన కాలిమంతన్‌లోని పలంకరాయా పట్టణంలో ఇంకా ఘోరం. గాలి కాలుష్య సూచీ 300 దాటితేనే ప్రమాదకరం అంటారు, అక్కడ 2000కు దగ్గరగా వెళ్లింది. ఆ ఏడాది ఇండోనేసియాలో 26 లక్షల హెక్టార్లు కాలాయని ప్రపంచ బ్యాంకు లెక్క. పొగ వల్ల చనిపోయింది 19 మంది అని అక్కడి అధికారులు చెప్పారు. మరుసటి ఏడాది హార్వర్డ్, కొలంబియా యూనివర్సిటీల పరిశోధకులు ఇండోనేసియా, మలేసియా, సింగపూర్‌లలో కలిపి అకాల మరణాలు లక్షకు పైగా ఉంటాయని అంచనా వేశారు. ఆ పసివాడి దగ్గు రాత్రుల తరబడి విన్నవాణ్ని, నేను రెండో లెక్కే నమ్ముతాను.

ఆ ఏడాది ఎల్‌నినో వల్ల వానలు లేని మాట నిజమే. కానీ ఆ నేల అంతగా ఎండేలా చేసింది మనుషులే. తోటలు వేయడానికి కాలవలు తవ్వి నీళ్లు బయటికి తోడేశారు. అప్పటి అధ్యక్షుడు సుహార్తో హయాంలో 1996 ప్రాంతంలో వరి పండిస్తామని మధ్య కాలిమంతన్‌లో పది లక్షల హెక్టార్ల స్కీము మొదలుపెట్టి 4 వేల కిలోమీటర్లకు పైగా కాలవలు తవ్వారు. వరి పండలేదు, 1997లో ఆ నేల తగలబడింది. ఎండిన చోట పొదలు కొట్టి అగ్గిపుల్ల గీస్తే చాలు, యంత్రాలతో బాగుచేయించే ఖర్చు తప్పుతుంది. కంపెనీలూ చేశాయి, చిన్న రైతులూ చేశారు. 2016లో కాలవలకు అడ్డుకట్టలు వేయించడానికి ప్రత్యేక సంస్థ పెట్టారు, నేలలో నీటిమట్టం 40 సెంటీమీటర్ల కంటే కిందికి పోకూడదనే రూలు కూడా అప్పటికే ఉంది. అయినా 2019లో మళ్లీ 16 లక్షల హెక్టార్లు కాలాయి.

ఇప్పుడు నాకు కామవరపుకోట దగ్గర ఆరెకరాల పామాయిల్ తోట ఉంది. కాబట్టి ఆ నూనె మానేయండని నేను అనను, గెలలు అమ్ముకునే బతుకుతున్నాను. మాది మెట్ట, బోరు నీళ్లు పెట్టి చెట్టును బతికించుకుంటాం. అక్కడ నీళ్లు తీసేసి చెట్టు పెంచుతున్నారు. ఈ రెండు నూనెలూ ఒకే రకం ప్యాకెట్లో ఒకే పేరుతో మన వంటింటికి వస్తున్నాయి. ప్రపంచంలో పామాయిల్ అందరికంటే ఎక్కువ దిగుమతి చేసుకునేది మన దేశమే, అందులో చాలా భాగం ఇండోనేసియాదే. బజ్జీల బండి దగ్గర్నుంచి బిస్కెట్ దాకా అదే నూనె.

అందుకని మీకు రెండు విన్నపాలు. ఇకమీదట ఈ వార్త వేసేటప్పుడు ఎండబెట్టిన నేల కాలుతోందని రాయండి, చదివేవాళ్లకు తప్పు ఎక్కడుందో తెలుస్తుంది. రెండోది, కాకినాడలో, కృష్ణపట్నంలో ఓడల్లోంచి దిగే నూనె ఏ దేశంలో ఏ మిల్లు నుంచి వచ్చిందో ప్యాకెట్ మీద ఎందుకు వేయరని దిగుమతిదారులను మీ విలేకరులతో అడిగించండి. వాళ్లేం చెప్పారో అది కూడా వేయండి.

ఇట్లు
ఒక పామాయిల్ రైతు, ఏలూరు జిల్లా