చీటీ లేకుండానే స్టెరాయిడ్ చుక్కలు

కళ్లు ఎర్రబడ్డాయని మందుల షాపుకెళితే డాక్టర్ చీటీ అడక్కుండానే స్టెరాయిడ్ చుక్కల మందు చేతిలో పెడుతున్నారు. మొన్న వానల్లో కళ్లకలక వచ్చినప్పుడు మా వీధి షాపులో నాకూ డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ కలిసిన సీసానే ఇచ్చారు. ఎన్ని రోజులు వేయాలో మాత్రం చెప్పలేదు. ఎరుపు త్వరగా తగ్గుతుంది, చిక్కంతా అక్కడే. హాయిగా ఉందని జనం నెలల తరబడి వేసుకుంటారు. అలా వేసుకోవడం వల్ల కంటిలో ఒత్తిడి పెరిగి, చూపు నరాన్ని దెబ్బతీసే గ్లాకోమా వస్తే చాలామందికి నొప్పి కూడా తెలియదు, పోయిన చూపు తిరిగి రాదు. ఈ చుక్కల వల్ల శుక్లాలూ రావచ్చు, వాటికైతే ఆపరేషనన్నా ఉంది. అలాగని ఆపరేషన్ తర్వాత డాక్టర్ రాసిన చుక్కలను భయపడి మధ్యలో మానేయడమూ తప్పే. ఔషధ నియంత్రణ అధికారులు నగరంలోని షాపులను తనిఖీ చేసి చీటీ లేని అమ్మకాలు ఆపించాలి. సీసా మీద ‘స్టెరాయిడ్’ అని తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో ముద్రించాలి.

- ఒక పాఠకుడు, మలక్‌పేట, హైదరాబాద్