అడవి యాజమాన్య ప్రణాళిక: గ్రామసభకు ముందు చేయాల్సిన పని

సభ్యులందరికీ నమస్కారం. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక అటవీ వనరుల హక్కు పత్రం (ఊరు తన సంప్రదాయ అడవిని కాపాడి, వాడుకునే హక్కు) వచ్చిన ఊళ్లలో ఇప్పుడు అసలు పని యాజమాన్య ప్రణాళిక, అంటే ఆ అడవిని ఎలా కాపాడాలో, ఎలా వాడుకోవాలో రాసుకోవడం. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం దాన్ని రాయాల్సింది గ్రామసభ వేసిన కమిటీ, ఆమోదించాల్సింది గ్రామసభ. బయటివాళ్లు రాసిచ్చిన నమూనాలో ఊరి పేరు మార్చి పెట్టకండి.

ముందు మ్యాప్ పట్టుకుని హద్దుల వెంట నడవండి. నీటి చెలమలు, మేత బీళ్లు, శ్మశానం, దేవతల తావులు గుర్తించండి. ఏ నెలలో ఎవరు ఏం ఏరుకుంటారో పక్కన రాయండి. ఇది ఆడవాళ్లకే బాగా తెలుసు, కాబట్టి గూడెం గూడేనికీ వెళ్లి వాళ్లతో విడిగా కూర్చోండి. ఒక్క వేసవిలోనే తిరిగితే వానాకాలపు మేత దారులు కనిపించవు. పొరుగూరి పశువుల కాపరులను పిలవకపోతే తగాదా తర్వాత మొదలవుతుంది, మా అనుభవంలో ఎక్కువగా చెడేది ఇక్కడే.

నియమాలు కొలతలతో రాయండి. "ఉసిరి జాగ్రత్తగా కోయాలి" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. "కొమ్మ నరకకూడదు, చెట్టుకు నాలుగో వంతు కాయ వదలాలి" అంటే తెలుస్తుంది.

సభకు గ్రామసభ సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో కనీసం మూడో వంతు మహిళలుండాలి. తీర్మానం పైకి చదివాకే సంతకాలు. ఖాళీ కాగితంపై సంతకం పెట్టించవద్దు. ప్రతి అభ్యంతరానికీ ఒప్పుకున్నారా లేదా, ఎందుకు అన్నది మినిట్స్ పుస్తకంలో రాయండి.