గ్లవ్‌కి బ్యాట్ తగిలితే తప్పెవరిది?

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మాది గుంటూరు, ఇప్పుడు డాలస్ దగ్గర ఉంటున్నాం, మీ పేపర్ రోజూ ఫోన్‌లో చదువుతాం. మా వాడికి పన్నెండేళ్లు, ఇక్కడ పిల్లల బేస్‌బాల్ టీమ్‌లో క్యాచర్, అంటే మన కీపర్ లాగా బ్యాటర్ వెనకాల కూర్చుని బాల్ పట్టేవాడు. పోయిన నెల మ్యాచ్‌లో ఎదుటి టీమ్ బ్యాటర్ స్వింగ్ చేస్తుంటే బ్యాట్ వచ్చి మా వాడి ఎడమ చేతికి గ్లవ్ మీదే గట్టిగా తగిలింది, చెయ్యి పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు, నేను పరిగెత్తుకెళ్లేసరికి మణికట్టు వాచిపోయింది, ఎముక విరగలేదు దేవుడి దయ. అంపైరేమో బ్యాటర్‌ని ఫస్ట్ బేస్‌కి, అంటే రన్ కోసం దాటాల్సిన మజిలీల్లో మొదటిదానికి, ఊరికే పొమ్మన్నాడు. ఇంక మన తెలుగు పేరెంట్స్ అందరం గోల, దెబ్బ తిన్నది మా పిల్లాడైతే కొట్టినోడికి బేస్ ఇస్తారా అని. నేనూ అరిచాను. ఇంటికొచ్చి రూల్ చదివాక తెలిసింది అంపైర్ చేసిందే కరెక్ట్.

బ్యాట్ తిరిగే దారిలోకి క్యాచర్ గ్లవ్ రావడాన్ని క్యాచర్ ఇంటర్‌ఫియరెన్స్ అంటారు. మనకి క్రికెట్ తెలుసు కాబట్టి అందులో చెప్తే ఈజీగా అర్థమవుతుంది. 2025 ఏప్రిల్ 17న వాంఖడేలో మన సన్‌రైజర్స్ మ్యాచ్ గుర్తుందా, రికెల్టన్ కొట్టిన బాల్‌ని కమిన్స్ క్యాచ్ పట్టేశాడు, అవుటని అతను వెళ్లిపోతుంటే వెనక్కి పిలిచి నోబాల్ ఇచ్చారు, ఎందుకంటే కీపర్ క్లాసెన్ గ్లవ్స్ స్టంప్స్ కంటే ముందుకొచ్చాయి. చెయ్యి బ్యాట్‌కి తగల్లేదు, అయినా తప్పే. బేస్‌బాల్‌లో కూడా మూలం అదే, పిచర్ వేసిన బాల్‌ని కొట్టే ఛాన్స్ బ్యాటర్‌ది, దానికి క్యాచర్ అడ్డురాకూడదు, కావాలని చేశాడా పొరపాటున జరిగిందా అన్నది చూడరు. బ్యాటర్‌కి ఫస్ట్ బేస్, క్యాచర్ ఖాతాలో ఒక ఎర్రర్.

ఇందులో ఇంకో సంగతి ఉంది, మన పేరెంట్స్ చాలామందికి తెలీదు. గ్లవ్ తగిలినా బ్యాటర్ బాల్‌ని గాల్లోకి కొట్టి, అది క్యాచ్ అయ్యి, ఈలోగా థర్డ్ బేస్ మీద ఉన్న రన్నర్ హోమ్‌కి, అంటే బ్యాటర్ నిలబడే చోటికి, వచ్చేసి రన్ చేశాడనుకోండి, అప్పుడు బ్యాటింగ్ టీమ్ మేనేజర్ ఏది కావాలో తనే ఎంచుకోవచ్చు, అవుట్ ఒప్పుకుని రన్ ఉంచుకుంటాడా, లేదా రన్ వదులుకుని రన్నర్‌ని మళ్లీ థర్డ్‌లో పెట్టి బ్యాటర్‌ని ఫస్ట్‌కి పంపుతాడా అని. తప్పు చేసిన టీమ్‌కి లాభం రాకుండా ఎంత బాగా ఆలోచించారో చూడండి. అలాగే స్వింగ్ పూర్తిగా అయిపోయాక బ్యాట్ వెనక్కి తిరిగొచ్చి క్యాచర్‌కి తగిలితే అది ఇంటర్‌ఫియరెన్స్ కాదు, బాల్ మిస్సయితే ఉత్త స్ట్రైకే, అంటే బ్యాటర్‌కి ఒక ఛాన్స్ పోయినట్టు. గొడవలన్నీ ఈ రెండూ కలిపేసుకోవడం వల్లే.

నా అసలు బాధ వేరే అండి. మా వాడు అంత ముందుకి ఎందుకు కూర్చున్నాడంటే కోచ్ కూర్చోమన్నాడు. బ్యాట్‌కి దగ్గరగా ఉంటే కింద పడబోయే బాల్‌ని ముందే అందుకుని, స్ట్రైక్‌లా, అంటే బ్యాటర్ కొట్టగలిగే చోటికే వచ్చినట్టు కనిపించేలా అంపైర్‌కి చూపించొచ్చు, దాన్ని ఫ్రేమింగ్ అంటారు. పెద్ద లీగ్‌లో, అంటే అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎమ్మెల్బీలో, క్యాచర్లు దీనికోసమే ముందుకి జరిగారు, వాళ్లని చూసి పిల్లల కోచ్‌లూ అదే నేర్పిస్తున్నారు. 2024 మేలో కార్డినల్స్ టీమ్ క్యాచర్ విల్సన్ కాంట్రెరాస్‌కి ఎదుటి టీమ్ బ్యాటర్ జె.డి. మార్టినెజ్ బ్యాట్ తగిలి ఎడమ ముంజేయి విరిగింది, ఆ వీడియో నేను రెండోసారి చూడలేకపోయాను. అంత ట్రైనింగ్ ఉన్న మనిషి చెయ్యే విరిగితే పన్నెండేళ్ల పిల్లాడి చెయ్యి ఎంత?

పోనీ గెలుపు కోసం అనుకుందామా అంటే అదీ లేదు. 2025 జులై 21న ఫిలడెల్ఫియాలో పదో ఇన్నింగ్స్, మూడు బేస్‌లూ నిండి ఉన్నాయి, ఫిల్లీస్ టీమ్ బ్యాటర్ ఎడ్మండో సోసా బ్యాట్ ఎదుటి టీమ్ రెడ్ సాక్స్ క్యాచర్ గ్లవ్‌కి తగిలింది, అంతే, సోసా ఫస్ట్‌కి, బేస్‌లు నిండి ఉన్నాయి కాబట్టి అందరూ ఒక్కో బేస్ జరిగి థర్డ్‌లో ఉన్నవాడు హోమ్‌కి, మ్యాచ్ 3-2తో ఫిల్లీస్‌ది. మ్యాచ్ ఇలా ముగియడం 1971 తర్వాత అదే మొదలు. 2026 సీజన్ నుంచి పెద్ద లీగ్‌లో పిచర్ వేసింది స్ట్రైకా, లేక పక్కకి పోయిన 'బాల్' అనేదా అన్నదాని మీద అంపైర్ చెప్పింది తప్పనిపిస్తే కెమెరాలతో చెక్ చేయించే ఛాన్స్ కూడా ఇచ్చారు, కాబట్టి అక్కడ ఫ్రేమింగ్ విలువ కొంచెమైనా తగ్గుతుందని నా ఆశ. పిల్లల గ్రౌండ్‌లో ఆ కెమెరాలు లేవు, ఇక్కడ కోచ్ చెప్పిందే వేదం.

మీ ఎన్నారై పేజీలో మన పిల్లలు ట్రోఫీలు పట్టుకున్న ఫోటోలు వేస్తున్నారు, సంతోషం. ఒక ఆదివారం ఈ రూల్ కూడా బొమ్మతో సహా వెయ్యండి, క్యాచర్ ఎక్కడ కూర్చోవాలి, బ్యాట్ ఎంత దూరం తిరుగుతుంది అని. తల్లిదండ్రులు మ్యాచ్‌కి ముందు కోచ్ దగ్గరికెళ్లి, మా పిల్లాడిని ఇంకొంచెం వెనక్కి కూర్చోబెట్టండి అని గట్టిగా అడగాలి. నేను అడిగాను, మొదట విసుక్కున్నాడు, ఇప్పుడు మా వాడు జానెడు వెనక్కే కూర్చుంటున్నాడు.

ఇట్లు,
ఒక క్యాచర్ తండ్రి, టెక్సస్