మంగళవారం మా బాబు క్రాఫు

ఎడిటర్ గారికి నమస్కారమండి,

ఏప్రిల్ 2న ఆటిజం డే అని మీ పేపర్లో నీలం లైట్ల ఫోటో వేశారు, బానే ఉంది, కానీ కింద ‘ఆటిజం వ్యాధిగ్రస్తులు’ అని రాశారు చూడండి, అది చదివి మా ఆయన పేపర్ మడిచి పక్కన పడేశారు. వ్యాధి కాదండి అది. మెదడు ఎదిగే తీరులోనే ఉండే తేడా, మందేస్తే పోయేదీ కాదు, పక్కనోళ్లకి అంటేదీ కాదు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా అపార్ట్‌మెంట్లో ఒకావిడ అంటుకుంటుందేమోనని వాళ్ల పాపని ఉయ్యాల దగ్గర్నుంచి చెయ్యి పట్టి లాక్కెళ్లింది, మా వాడు ఖాళీ ఉయ్యాలని ఊపుతూ నిలబడ్డాడు.

మాది తెనాలి. బాబుకి తొమ్మిదేళ్లు, మాటలు తక్కువ. వాడికి క్రాఫు అంటే మాకు నరకమే, మిషన్ జుయ్‌మనగానే చెవులు మూసుకుని కుర్చీలోంచి దూకేసేవాడు, చూసేవాళ్లేమో ‘నాలుగు తగిలించండి, దారికొస్తాడు’ అనేవాళ్లు. ఒకరోజు మా వీధి చివర సెలూన్ అబ్బాయి తనే అడిగాడు, ఏంటక్కా వీడికి ఇబ్బంది అని. ఆ సౌండు, మెడ మీద పడే వెంట్రుకలు అని చెప్పా. మంగళవారం తీసుకురండి అన్నాడు, ఆ రోజు వాళ్లకి సెలవు కదా. షట్టర్ సగం ఎత్తి, టీవీ ఆపేసి, దువ్వెన వాడి చేతికిచ్చి, వాడు దాన్ని తిప్పుకుంటుంటే మెల్లగా కత్తెరతోనే కానిచ్చాడు. అదీ మొదటిసారి సగం తలే, మిగతా సగం పై మంగళవారం. ఆ వారమంతా సగం క్రాఫుతోనే స్కూలుకెళ్లాడు, నవ్వేవాళ్లు నవ్వారు లెండి.

ఇక గవర్నమెంట్ సంగతి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, డాక్టర్లు చూసి వైకల్యం ఉందని సదరం సర్టిఫికెట్ ఇస్తారు, నిరామయ అని ఏడాదికి లక్ష రూపాయల దాకా ఇన్సూరెన్స్ ఉంది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది, సర్కారు బడుల తరఫున ఇలాంటి పిల్లలకి చదువు, థెరపీ చెప్పే భవిత సెంటర్లున్నాయి. ఇవన్నీ నాకు ఏ ఆఫీసులోనూ చెప్పలేదండి, విజయవాడ థెరపీకి వెళ్లే రైల్లో పరిచయమైన ఇంకో తల్లి చెప్పింది. ముప్పావుగంట సెషన్ కోసం పూట మొత్తం పోతుంది, ఆ రైలే మాకు ఆఫీసు, బడీ, పుట్టిల్లూ అన్నీ. ఆవిడ ఆ రోజు వేరే పెట్టెలో ఎక్కుంటే నాకు ఇప్పటికీ తెలిసేది కాదు.

అందుకే మిమ్మల్ని అడిగేది ఏంటంటే, ఫోటో ఏడాదికోసారి వేసినా పర్లేదు, సదరం స్లాట్లు ఎప్పుడు ఇస్తున్నారో, ఏ మండలంలో భవిత సెంటర్ ఎక్కడుందో మా జిల్లా పేజీలో నెలకోసారి ఓ మూల వెయ్యండి చాలు, బంగారం రేట్లు రోజూ వేస్తారుగా. మేం నలుగురు తల్లులం ఆదివారం సాయంత్రాలు పార్కులో కలుస్తున్నాం, పిల్లలు గెంతుతారు, అరుస్తారు, ఎవరూ ఎవరికీ సారీ చెప్పక్కర్లేదు. మామూలు పిల్లల్ని తీసుకుని ఇంకెవరైనా వచ్చినా సంతోషమే, ఉయ్యాలావిడ వచ్చినా సరే.

ఈ ఉత్తరం వేస్తే హెడ్డింగులో ‘వ్యాధి’ అని మాత్రం పెట్టకండి సార్.

ఇట్లు,
ఒక తల్లి, తెనాలి