డబుల్స్‌ను ఛోలే భటూరే అని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

వెస్టిండీస్‌లోని ట్రినిడాడ్ ద్వీపం తిండి గురించి తెలుగులో ఎవరు రాసినా ‘అక్కడి డబుల్స్ అంటే మన ఛోలే భటూరేనే’ అని ఒక్క వాక్యంతో తేల్చేస్తున్నారు. అది పొరపాటు. ఆ మాట పట్టుకుని వెళ్లినవాళ్లు మధ్యాహ్నం హోటల్లో కూర్చుని డబుల్స్ అడుగుతారు. అక్కడ దొరకదు. చివరికి సూట్‌కేసులో తెచ్చుకున్న పొడులతో రోజులు గడిపి తిరిగొస్తారు. క్రికెట్ కోసమో, అమెరికాలోని పిల్లల దగ్గరి నుంచో అటు వెళ్లే తెలుగువాళ్లు ఇప్పుడు కనబడుతున్నారు కాబట్టి ఈ ఉత్తరం.

భటూరా పెరుగుతో పులిసిన పెద్ద పూరీ, పళ్లెంలో పెట్టుకు తింటారు. డబుల్స్‌లో ఉండేది బారా. అరచేయంత ఉంటుంది, పసుపు వేసి ఈస్ట్‌తో పులియబెడతారు, దూదిలా మెత్తగా ఉంటుంది. రెండు బారాలను కాగితంలో కాస్త ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా పరిచి, మీద జారుగా ఉడికిన శనగల కూర, కీరదోస తురుము, చింతపండు చట్నీ, మిరప కారం వేసి కాగితం మెలితిప్పి ఇస్తారు. కూరలో టమాటా గుజ్జు ఉండదు, గరం మసాలా ఘాటు ఉండదు. వెల్లుల్లి, జీలకర్ర, షాడో బెని అనే ఆకు, ముఖ్యంగా వీటిదే దాని వాసన. 1936లో ప్రిన్సెస్ టౌన్‌లో డీన్ దంపతులు దీన్ని మొదలుపెట్టారని ద్వీపంలో చెప్పుకుంటారు. మొదట ఒక్క బారాతోనే అమ్మేవారట, కొనేవాళ్లు ‘డబుల్ చెయ్యి’ అని అడగడంతో ఆ పేరు వచ్చిందట. ఒకటి కొన్నా ‘వన్ డబుల్స్’ అనే అడగాలి.

ఇది పొద్దుటి తిండి. తెల్లవారగానే బళ్లు వస్తాయి, బాగా చేసేవాళ్ల దగ్గర పది దాటితే గిన్నె ఖాళీ. మళ్లీ రాత్రి కొన్ని చోట్ల పెడతారు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో అరియాపిటా అవెన్యూ, సెయింట్ జేమ్స్‌లోని వెస్టర్న్ మెయిన్ రోడ్డు, నగరానికి తూర్పున క్యూరెప్ కూడలి దీనికి పేరున్న చోట్లు. సిరాజ్ 2023లో అయిదు వికెట్లు తీసిన క్వీన్స్ పార్క్ ఓవల్ నుంచి అరియాపిటాకి నడిచే వెళ్లొచ్చు. జనం ఎక్కువగా ఉండి, వరస చకచకా కదిలే బండినే ఎంచుకోండి. శనగలు వేడిగా ఉండేది అక్కడే. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోండి. చెంచా అడగొద్దు. పై బారాను చింపి దాంతోనే శనగలు తీసుకు తినాలి, నిలబడి, కొంచెం ముందుకు వంగి. లేకపోతే పులుసు చొక్కా మీదే.

కారం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. ‘మేం గుంటూరోళ్లం’ అని ‘ప్లెంటీ’ అడగొద్దు. గుంటూరు సన్నం ఘాటు స్కోవిల్ కొలతలో 35–40 వేల దగ్గర ఉంటే, ట్రినిడాడ్ మోరుగా స్కార్పియన్ మిరప సగటు 2012లో న్యూ మెక్సికో స్టేట్ విశ్వవిద్యాలయ పరీక్షలో 12 లక్షలు దాటింది. కొన్ని కాయలు 20 లక్షలు దాటాయి. బళ్ల మీద కారమంతా ఈ రకంతోనే చేయరు గానీ, వాడేవన్నీ ఆ చుట్టపు కాయలే. మన కారం నాలుక మీద వెంటనే తెలుస్తుంది. ఇది ముందు పళ్ల వాసనలా తియ్యగా తగిలి, కొంచెం ఆగి గొంతులో మండుతుంది. ఆ ఆలస్యం వల్లే ‘ఏం లేదే’ అని ఇంకొంచెం వేయించుకుంటారు. మొదటిరోజు ‘స్లైట్’ అనండి. చాలు.

ఇంట్లో చేద్దామని చూసేవాళ్లకు బారా గట్టిపడుతోందంటే కారణం ఒకటే, పిండిని పూరీ పిండిలా కలపడం. రెండు కప్పుల (సుమారు 250 గ్రాముల) మైదాకి టీచెంచా ఇన్‌స్టంట్ ఈస్ట్, అరచెంచా పసుపు, అరచెంచా జీలకర్ర పొడి, అరచెంచా పంచదార, ముప్పావు చెంచా ఉప్పు, సుమారు 200 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు. పిండి చేతికి అంటుకునేలా ఉండాలి, పొడిపిండి చల్లితే పని చెడినట్టే. గంట, గంటన్నర పొంగనిచ్చి, చేతికి నూనె రాసుకుని పదిహేను ఉండలు చేసి, ఇంకో పది నిమిషాలు ఆగి, నూనె రాసిన పళ్లెం మీద వేళ్లతోనే నాలుగంగుళాలు సాగదీయాలి. అప్పడాల కర్ర వద్దు. నూనె బాగా కాగాలి, పక్కకి పది పదిహేను సెకన్లు మించకూడదు. నూనె చల్లగా ఉంటే పీల్చుకుంటుంది, ఎక్కువసేపు ఉంచితే కరకరలాడుతుంది. తీసినవాటిని ఒకదానిపై ఒకటి పేర్చి బట్టతో కప్పాలి. ఆ ఆవిరికే బారా మెత్తబడుతుంది. ఇది వదిలేస్తే ముందు చేసిందంతా వృథా.

శాకాహారులకు ట్రినిడాడ్ కష్టమని రాయడం కూడా సరికాదు. 1845 నుంచి 1917 దాకా వెట్టి ఒప్పందాల మీద లక్షా నలభై వేలకు పైగా భారతీయులు ఈ ద్వీపానికి వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లిన భోజ్‌పురీ ప్రాంతంవాళ్లు కనుక ఇడ్లీ, దోసె వెతకొద్దు. సాదా రోటీ, చోకా వెతకండి. చోకా అంటే నిప్పుల మీద కాల్చిన వంకాయనో టమాటానో మెదిపి వెల్లుల్లితో కలిపింది. కాల్చిన వంకాయ పచ్చడి ఇష్టపడేవాళ్లకు కొత్తేమీ అనిపించదు. ఇదీ పొద్దున్నే తినాలి. మధ్యాహ్నానికి రోటీ షాపులు. దాల్‌పూరీని బొబ్బట్టులా పూర్ణం పెట్టి వత్తుతారు, కానీ లోపల ఉండేది బఠాణి పప్పు పొడి, జీలకర్ర, వెల్లుల్లి. పప్పు వేలితో నొక్కితే విరగాలి, మెదగకూడదు. తడి ఎక్కువైతే బొబ్బట్టు చిరిగినట్టే ఇదీ చిరుగుతుంది. ‘బస్ అప్ షట్’ అంటే చిరిగిన చొక్కా అని అర్థం, పెనం మీదే చెక్క గరిటెలతో కొట్టి పీలికలు చేసిన పరాఠా. దాంతో గుమ్మడికాయ, ఆలూ శనగలు, పచ్చి మామిడి కూర అడగండి. మాంసం కూరలు ఎముకలతోనే వస్తాయి, వద్దనుకుంటే ‘బోన్‌లెస్’ అని ముందే చెప్పాలి. ఆదివారం చాలా రోటీ షాపులు మూసి ఉంటాయి.

జాగ్రత్త పడాల్సింది రోటీతో ఇచ్చే ఈ కూరల దగ్గర కాదు, ‘కలలూ’ అనే వంటకం దగ్గర. చేమ ఆకు, బెండకాయ, కొబ్బరిపాలతో చేసే ఈ చిక్కటి కూర ఆకుపచ్చగా అమాయకంగా కనిపిస్తుంది, కానీ అందులో పీత గానీ ఉప్పులో ఊరిన పంది తోక గానీ ఉండొచ్చు. ఎర్ర చిక్కుడు గింజల కూరలోనూ అంతే. ‘ఎనీ మీట్?’ అంటే సరిపోదు, పిగ్‌టెయిల్ ఉందా, క్రాబ్ ఉందా అని పేరుపెట్టి అడగాలి. పెలావ్ అనే అన్నంలో మన కందులే పచ్చిగా పడతాయి, కానీ కాల్చిన పంచదారలో కోడిమాంసం వేయించి మొదలుపెడతారు.

దక్షిణాన డెబే అనే ఊళ్లో రోడ్డు పక్కన వరసగా దుకాణాలు. తరూబా స్టేడియానికి వెళ్లినవాళ్లు అక్కడిదాకా పోయి సహీనా తినకుండా రావొద్దు. చేమాకును బఠాణి పిండితో చేసి వేయించినది. చేమాకు సరిగా ఉడకకపోతే గొంతు దురద పెడుతుంది, కాబట్టి వేడిగా వాయి దిగిన చోటే కొనండి. ఫులోరీ (బఠాణి పిండి బోండా), బైగనీ (వంకాయ బజ్జీ) కూడా అక్కడివే, మామిడి చట్నీతో.

చేప తినేవాళ్లు ఉత్తర తీరంలోని మరకాస్ బీచ్‌కి వెళ్తారు, ‘బేక్ అండ్ షార్క్’ కోసం. వేయించిన రొట్టెలో వేయించిన సొరచేప ముక్క. రుచి మీద నాకు పేచీ లేదు. అయితే సొరచేప నెమ్మదిగా పెరిగి తక్కువ పిల్లలు పెట్టే చేప, పాదరసం కూడా ఎక్కువ, గర్భిణులు, పిల్లలు తినకూడదు. అదే రొట్టెలో కింగ్‌ఫిష్ అడిగితే ఇస్తారు, అది మన వంజరం జాతిదే. పక్క ద్వీపం టొబాగో వెళ్తే స్టోర్ బే దుకాణాల్లో పీత కూర, పిండి ముద్దలు. చేతులతో తినాలి, తీరిగ్గా.

మద్రాసు రేవు నుంచి వెళ్లిన కొద్దిమందిలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ వైపు నుంచి మిగిలిన మాటల్లో ఒకటి కరపులే, అంటే కరివేపాకు. షాడో బెనిని అక్కడి భారతీయులు బంధనియా అంటారు. కొత్తిమీర వాసనే, ఘాటు చాలా ఎక్కువ. ఇక్కడ దొరక్కపోతే కొత్తిమీర రెట్టింపు వేసుకోండి. క్రిస్మస్ రోజుల్లో వెళ్లేవాళ్లు ‘సోరెల్’ అనే ఎర్రటి పానీయం అడగండి. అది ఎర్ర గోంగూర కాయల చుట్టూ ఉండే కండగల ఎర్ర రేకులను లవంగాలు, దాల్చినచెక్కతో మరిగించి, రాత్రంతా ఊరబెట్టి, వడగట్టి పంచదార కలిపినది. ఆకును పచ్చడి చేసుకునే మనం ఆ కాయలను చాలావరకు పారేస్తున్నాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు, విశాఖపట్నం