ప్రశ్నార్థకాలుగా మారుతున్న ఊరి పేర్లు: ఐటీ శాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సమాచార సాంకేతిక శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

నెల్లూరు జిల్లా కావలిలో డీటీపీ సెంటరు నడుపుకుంటూ అర్జీలు, దస్తావేజులు, లబ్ధిదారుల జాబితాలు టైపు చేసి ఇచ్చే వ్యక్తిగా ఈ విషయం తమ దృష్టికి తెస్తున్నాను.

ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కోదానికి ఒక్కో సంఖ్య ఇచ్చే యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991 నుంచీ చోటు ఉంది. అయినా ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి వెళ్లేసరికి తెలుగు ఫైళ్లు చెడిపోతున్నాయి. అడిగితే ఫాంటు వేయించుకోమంటారు. చాలాసార్లు ఇది ఫాంటు సమస్య కానే కాదు.

యూనికోడ్ తెలియని పాత ప్రోగ్రాముల కోసం విండోస్‌లో సిస్టం లొకేల్ అనే అమరిక ఉంటుంది. ఆ అమరికకు పనికొచ్చే పాత కోడ్ పేజీ (ఏ సంఖ్యకు ఏ అక్షరమో చెప్పే పట్టిక) తెలుగుకు లేదు గనుక మన యంత్రాలు సాధారణంగా పశ్చిమ ఐరోపా భాషల 1252 కోడ్ పేజీతో నడుస్తాయి. యూనికోడ్ అక్షరాలను ఫైళ్లలో భద్రపరిచే యుటిఎఫ్-8 పద్ధతిలో మూడేసి బైట్లుగా ఉండే తెలుగు అక్షరాలను ఆ పేజీ ప్రకారం చదివితే 'కొడవలూరు' కాస్తా తలపై గీత ఉన్న ఫ్రెంచి 'ఏ'లు, డిగ్రీ గుర్తులుగా కనిపిస్తుంది. చూడ్డానికి గందరగోళమే గానీ, అలాగే సేవ్ చేయనంతవరకు నష్టం లేదు. సరైన ఎన్‌కోడింగ్‌తో, అంటే యుటిఎఫ్-8గా తెరిస్తే పేరు తిరిగి వస్తుంది. అసలు ప్రమాదం ఎక్సెల్‌లో చక్కగా కనిపిస్తున్న జాబితాను మామూలు సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలు పెట్టిన సాదా టెక్స్ట్ ఫైలుగా) సేవ్ చేయడంలో ఉంది. అప్పుడు 1252 పేజీలో లేని తెలుగు అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు పడతాయి, ఆ ఫైలు నుంచి పేర్లను ఎవరూ రాబట్టలేరు. అలాంటి జాబితా ఒకటి నా దగ్గరికి వస్తే, కాగితం చూసి మొత్తం మళ్లీ కొట్టాల్సి వచ్చింది.

అను ఫాంట్ల సంగతి వేరు. లాటిన్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చిన పాత పద్ధతి అది. పోస్టర్లకు నేనూ దాన్నే వాడతాను. ఉత్తర్వులకు మాత్రం అది తగదు, ఎందుకంటే అలా కొట్టి పీడీఎఫ్ చేసిన కాగితంలో 'సోమశిల' అని వెతికితే దొరకదు, చూపులేనివారికి చదివి వినిపించే స్క్రీన్ రీడరు దాన్ని చదవలేదు.

కనుక ప్రభుత్వ కార్యాలయాలు యూనికోడ్ తెలుగులోనే ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవాలని, సీఎస్‌వీలను యుటిఎఫ్-8 రకంలోనే సేవ్ చేయాలని ఉత్తర్వు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. ఇందుకు పైసా ఖర్చు లేదు. విండోస్‌లో ఇంకా బీటాగా (ప్రయోగ దశలో) ఉన్న యుటిఎఫ్-8 లొకేల్‌ను అన్ని యంత్రాల్లో ఒక్కసారిగా పెట్టించవద్దని కూడా మనవి, పాత ప్రోగ్రాములు కొన్ని దానితో మొరాయిస్తాయి. ఇక కొత్త సాఫ్ట్‌వేర్‌కు బిల్లు చెల్లించే ముందు అందులో 'రాజ్‌కుమార్' అనే పేరు ఎక్కించి, సేవ్ చేసి, తిరిగి తెరిపించి చూడండి. 'జ్' తర్వాత ఉండే కంటికి కనిపించని సంకేతాన్ని ప్రోగ్రాము తీసేస్తే 'క' వత్తుగా మారిపోతుంది, అలాంటి సాఫ్ట్‌వేర్‌ను వెనక్కి పంపే నిబంధన టెండరులోనే ఉండాలి.

భవదీయుడు,
ఒక డీటీపీ ఆపరేటరు, కావలి